వీడియో కాల్‌లో నడుము నొప్పిని డాక్టరుకు చూపించుకోవడం ఎలా

ఎదురుగా కూర్చోబెట్టుకుని పరీక్షించినా నడుము నొప్పి విషయంలో డాక్టరు చేతికి తెలిసేది తక్కువే. నొప్పి ఎలా మొదలైంది, ఎక్కడిదాకా పాకుతోంది, దేనికి పెరుగుతోంది, దేనికి తగ్గుతోంది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల నుంచి, మనిషి కుర్చీలోంచి లేచే తీరు నుంచి, నడిచే తీరు నుంచి తెలిసేదే ఎక్కువ. ఈ రెండూ వీడియో కాల్‌లో దొరుకుతాయి కాబట్టి, దూరం నుంచి చూపించుకోవడానికి వీలైన జబ్బుల్లో నడుము నొప్పి ఒకటి. అయితే ఆ కాల్ నుంచి ఏం ఆశించాలో ముందే తెలిసి ఉండాలి. నడుము నొప్పుల్లో దాదాపు పదింట తొమ్మిదింటికి ఫలానా డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త), ఫలానా కీలు కారణమని కచ్చితంగా వేలుపెట్టి చూపడం ఆసుపత్రిలోనూ సాధ్యం కాదు. కనుక కాల్‌లో తేలవలసింది జబ్బు పేరు కాదు. ఈ నొప్పి ఇంట్లో ఉండి తగ్గించుకోదగినదా, కొద్ది రోజుల్లో నేరుగా వెళ్లి చూపించుకోవలసినదా, ఈ క్షణమే ఆసుపత్రికి బయలుదేరవలసినదా అన్నది తేలితే ఆ కాల్ ఫలించినట్టే.

కాల్ కోసం ఆగకూడని సందర్భాలు

వెన్నెముక అడుగు భాగంలో నరాలు ఒక కట్టగా కిందికి దిగుతాయి. మూత్రాశయం, మలద్వారం, జననాంగాలు, కాళ్లు వాటి ఆధీనంలోనే పనిచేస్తాయి. డిస్క్‌లోని పెద్ద ముక్క బయటికి పొడుచుకువచ్చి ఆ కట్టను నొక్కేస్తే ప్రతి గంటా విలువైనదే, ఎందుకంటే ఆపరేషన్ ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం, మూత్రాశయం నిండుగా ఉన్నా ధార మొదలు కాకపోవడం, తెలియకుండా మూత్రం గానీ మలం గానీ జారిపోవడం, మలవిసర్జన తర్వాత శుభ్రం చేసుకుంటున్నప్పుడు స్పర్శ మొద్దుబారినట్టు అనిపించడం, రెండు కాళ్లలోనూ నొప్పి లేదా బలహీనత రావడం, లైంగిక స్పర్శలో హఠాత్తుగా మార్పు రావడం దీని గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా అపాయింట్‌మెంట్ సమయం కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. అక్కడ కూడా ముందు నడుము నొప్పి గురించి కాక ఈ గుర్తు గురించే చెప్పాలి.

పై నుంచి పడినా, వాహన ప్రమాదం జరిగినా, ఎముకలు గుల్లబారినవారికి చిన్న జారుడు తర్వాతే నొప్పి మొదలైనా ఎముక విరిగి ఉండవచ్చు కనుక కెమెరా ముందు వంగి లేచే ప్రయత్నం అసలు చేయరాదు. చలిజ్వరంతో కూడిన తీవ్రమైన నడుము నొప్పి, కాలు నానాటికీ బలహీనపడి పాదం ఈడ్చుకుంటూ నడవవలసి రావడం, 60 ఏళ్లు దాటినవారికి, ముఖ్యంగా పొగతాగే అలవాటున్న మగవారికి, ఒక్కసారిగా చీల్చినట్టు నడుములోనో కడుపులోనో నొప్పి వచ్చి కళ్లు తిరగడం కూడా ఈ కోవలోవే. ఈ చివరిది కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బి చిట్లడం వల్ల కావచ్చు. అది వెన్ను జబ్బే కాదు.

ఇంత తొందర లేకపోయినా కాల్ మొదలవగానే చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఎప్పుడో క్యాన్సర్ వచ్చి తగ్గిపోయి ఉండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడటం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడటం, ఏ భంగిమలో పడుకున్నా తగ్గకుండా రాత్రంతా వేధించే నొప్పి వంటివి. వయసు 50 దాటింది కదా అని బెంగపడనవసరం లేదు. విడిగా చూస్తే వీటిలో చాలావాటికి ప్రాధాన్యం తక్కువ, రెండు మూడు కలిసినప్పుడే అనుమానం బలపడుతుంది. పూర్వం క్యాన్సర్ వచ్చిన సంగతి మాత్రం ఒక్కటిగానే బరువైనది. పదేళ్ల కిందటి మాట కదా, ఇప్పుడెందుకులే అని దాన్ని దాచిపెట్టకండి.

ముందుగా రాసి పెట్టుకోవలసినవి

కాల్ నిడివి తక్కువ. తెర ముందు కూర్చోగానే సగం విషయాలు గుర్తుకు రావు. అందుకని ఒక కాగితం మీద అయిదారు వాక్యాలు రాసి దగ్గర పెట్టుకోండి. మొదటి వాక్యంలో నొప్పి ఎన్నాళ్లుగా ఉందో, ఏ పని చేస్తుండగా మొదలైందో ఉండాలి. ఆరు వారాల లోపు నొప్పి, ఆరు నుంచి పన్నెండు వారాల నొప్పి, పన్నెండు వారాలు దాటిన నొప్పి వైద్యపరంగా వేరు వేరు దారులు పడతాయి కాబట్టి "చాలా రోజులుగా" అని చెప్పడం కంటే "పోయిన పండుగ నాటినుంచి" అని చెప్పినా డాక్టరు లెక్క వేసుకోగలరు.

రెండో సంగతి నొప్పి దారి. నడుము దగ్గరే ఉండిపోతోందా, పిరుదు దాకా వస్తోందా, మోకాలు దాటి పిక్కలోకీ పాదంలోకీ దిగుతోందా అన్నది గమనించండి. మోకాలు దాటి దిగే నొప్పి, అందులోనూ నడుము కన్నా కాలే ఎక్కువ బాధిస్తుంటే, నరం ఒత్తిడికి గురైందన్న అనుమానానికి తావిస్తుంది. కాలి బొటనవేలి వైపు, పాదం పైభాగంలో తిమ్మిరి ఉంటే ఒక నరం, చిటికెన వేలి వైపు, అరికాలి అంచున ఉంటే మరొక నరం. కాబట్టి "కాలంతా తిమ్మిరి" అనే ముందు ఒకసారి రెండు చేతులతో రెండు పాదాలను తడిమి, తేడా సరిగ్గా ఎక్కడుందో చూసుకోండి. నొప్పి గజ్జల్లో ఉండి, సాక్సు తొడుక్కోవడానికి కాలు ఎత్తడమే కష్టమవుతుంటే అది తుంటి కీలు వ్యవహారం కావచ్చు. పక్కటెముకల కింద ఒక వైపు మొదలై గజ్జల్లోకి అలలు అలలుగా దిగుతూ, ఏ పక్కకు తిరిగినా ఊరట లేకుండా చేసేది తరచుగా మూత్రపిండంలో రాయి. నడుము చుట్టూ ఒక పక్కనే మంటగా ఉండి రెండు మూడు రోజులకు పొక్కులు తేలితే అది సర్పి. చొక్కా ఎత్తి చూపిస్తే వీడియోలోనే తెలిసిపోయే జబ్బు అది.

దేనికి పెరుగుతోంది, దేనికి తగ్గుతోంది అన్నదానికి చాలామంది "అన్నింటికీ" అని జవాబు చెబుతారు. ఆ జవాబు ఎవరికీ ఉపయోగపడదు. ఒక రోజంతా మిమ్మల్ని మీరు గమనించుకుంటే తేడాలు బయటపడతాయి. నాలుగు అడుగులు వేసేసరికి రెండు కాళ్లూ బరువెక్కి, ముందుకు వంగి ఏదైనా పట్టుకున్నా, కాసేపు కూర్చున్నా తేలికపడే నొప్పి వెన్నుపూసల్లో నరాలు దిగే కాలువ ఇరుకైనవారిలో కనిపిస్తుంది. నడిస్తే పిక్కలు పట్టేసి, కూర్చోకుండా ఊరికే నిలబడినా తగ్గిపోయేది రక్తనాళాల వల్ల కావచ్చు. నలభై అయిదేళ్ల లోపు మెల్లగా మొదలై నెలల తరబడి సాగుతూ, పొద్దున లేచాక అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, విశ్రాంతితో కాక కదలికతో సడలుతూ, తెల్లవారుజామున నిద్ర లేపే నొప్పి వాత సంబంధమైనది అయ్యే అవకాశం ఉంది. ఇలాంటివారికి ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి పెట్టిందా, సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉందా అన్న ప్రశ్నలు ఎదురైతే సంబంధం లేదని కొట్టిపారేయవద్దు.

మిగిలినవి త్వరగా ముగించవచ్చు. వాడుతున్న మందులన్నింటి పట్టీలను ఒక పళ్లెంలో పెట్టి కెమెరాకు అందేలా ఉంచుకోండి. రక్తం పలుచబడే మందులు, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు, గర్భం ఉన్న సంగతి తెలియకుండా నొప్పి మాత్రలు రాయడం క్షేమం కాదు. థర్మామీటరు, బీపీ యంత్రం ఇంట్లో ఉంటే కాల్‌కు ముందే చూసుకుని అంకెలు రాసుకోండి. నొప్పి మాత్ర వేసుకుని ఉంటే ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి. జ్వరం ఆ మాత్ర వల్ల కూడా అణగిపోయి ఉండవచ్చు.

కాల్‌కు ముందు కొన్ని ప్రశ్నల పత్రాలు నింపమని పంపడం కూడా ఉంది. బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయం రూపొందించిన స్టార్ట్ బ్యాక్ అనే పత్రంలో తొమ్మిదే ప్రశ్నలు ఉంటాయి. నొప్పి దీర్ఘకాలం పట్టుకునే అవకాశం తక్కువగా ఉందా, మధ్యస్థంగా ఉందా, ఎక్కువగా ఉందా అన్నది దానితో అంచనా వేస్తారు. అందులో కదిలితే ప్రమాదమని భయపడుతున్నారా, దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా వంటి ప్రశ్నలు కూడా ఉంటాయి. నడుముకు మనసుతో పనేమిటని వాటిని వదిలేసేవారు ఉన్నారు. నొప్పి ఎన్నాళ్లు ఉంటుందన్నది స్కాన్ కన్నా ఆ జవాబులే మెరుగ్గా చెప్పే సందర్భాలు తక్కువేమీ కాదు.

గది, కెమెరా, సాయం

ముఖం ఒక్కటే కనిపించే వీడియో నడుము నొప్పికి పనికిరాదు. ఫోనును చేత్తో పట్టుకోకుండా నడుము ఎత్తున ఒక బల్ల మీద ఆనించి, తల నుంచి పాదాల దాకా కనిపించేలా రెండు మూడు మీటర్ల దూరం జరగండి. కిటికీ మీ వెనుక ఉంటే డాక్టరుకు నల్లటి ఆకారం తప్ప ఏమీ కనిపించదు కనుక వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడాలి. దూరం జరిగాక మాట వినపడక "ఏమన్నారు?" అని మళ్లీ మళ్లీ ముందుకు రావలసి వస్తుంది. తీగ లేని ఇయర్‌ఫోన్లు ఉంటే ఆ బాధ తప్పుతుంది. మోకాళ్లు కనిపించే దుస్తులు, వీపు తేలిగ్గా చూపించడానికి వీలైన పైబట్ట వేసుకోండి. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, పడుకోవడానికి మంచమో చాపో, పట్టుకోవడానికి ఒక గోడ, ఒక దూది ముక్క సిద్ధంగా ఉంచుకోండి.

సాయానికి ఒక మనిషి ఉండాలి. కెమెరా తిప్పడానికి, కాలు ఎత్తడానికి, తూలితే పట్టుకోవడానికి వారితో పని ఉంటుంది. అయితే మూత్రం గురించి, లైంగిక విషయాల గురించి, ఇంటి ఒత్తిళ్ల గురించి అడిగేటప్పుడు వారు అక్కడే ఉంటే నిజం నోటికి రాదు. కాల్ మొదటి భాగంలో ఒంటరిగా మాట్లాడతానని, పరీక్షల సమయానికి వారిని లోపలికి పిలుస్తానని ముందే చెప్పేయడం మంచిది. మరొకరు తెరకు ఆవల కూర్చుని వింటుంటే ఆ సంగతి డాక్టరుకు తెలియాలి.

కెమెరా ముందు చేసే పరీక్షలు

డాక్టరు చెప్పినవే చేయాలి. తూలి పడిపోయేలా ఉన్నవారు, ఇటీవల పడ్డవారు వీటి జోలికి పోరాదు. ఏ పరీక్షలోనైనా కొత్త నొప్పి మొదలైన చోట ఆగిపోయి, అక్కడిదాకా ఏం జరిగిందో చెబితే చాలు. ఓర్చుకుని చివరిదాకా చేయడం వల్ల వచ్చే ప్రయోజనం లేదు.

మొదట కుర్చీలోంచి లేవడం. చేతులు తొడల మీద ఆనించకుండా లేవగలుగుతున్నారా, ఒక పక్కకు ఒరిగి లేస్తున్నారా అని చూస్తారు. లేచి కెమెరాకు ఎదురుగా, తర్వాత వెనక్కి తిరిగి నడిచి చూపండి. ఆపైన వీపు కనిపించేలా నిలబడితే ఒక భుజం దిగి ఉండటం, నడుము ఒక పక్కకు జరిగి ఉండటం తెలుస్తాయి. నొప్పి ఉన్న చోటును ఒక్క వేలితో చూపమంటారు. ఒక వేలితో చూపగలిగేవారికీ, అరచేయి మొత్తం అడ్డంగా ఆనించి "ఇదంతా" అనేవారికీ మధ్య తేడా డాక్టరుకు ఉపయోగపడుతుంది. తర్వాత ముందుకు వంగండి. వేళ్ల కొసలు మోకాళ్ల దగ్గరే ఆగాయా, పిక్క మధ్యదాకా వెళ్లాయా, చీలమండను అందుకున్నాయా అన్నది కాగితం మీద రాసుకోండి, రెండు వారాల తర్వాత పోల్చుకోవడానికి అంతకన్నా తేలికైన కొలత లేదు. వెనక్కి వంగడం, రెండు పక్కలకూ వంగడం కూడా ఇలాగే.

బలం చూసే పరీక్షలు వీడియోలో బాగా కుదురుతాయి. గోడ మీద వేళ్లు ఆనించి, మడమలు మాత్రమే నేలకు తగిలేలా పది అడుగులు వేయాలి. ఒక పాదం ముందు భాగం నేలకు జారిపోతుంటే పాదాన్ని పైకెత్తే కండరానికి వెళ్లే నరం మీద అనుమానం వస్తుంది. ఆ తర్వాత మునివేళ్ల మీద నడక. అక్కడితో ఆపకుండా, నొప్పి లేని ఒక్క కాలి మీదే నిలబడి మడమను అయిదారుసార్లు పైకెత్తి, తర్వాత నొప్పి ఉన్న కాలితో అదే చేయాలి. ఆసుపత్రిలో డాక్టరు చేత్తో నొక్కి చూసే పిక్క బలం నిజానికి అంత నమ్మదగినది కాదు, ఎందుకంటే పిక్క కండరం మనిషి బరువును మోసేటంత గట్టిది. కొంత బలం పోయినా చేతి ఒత్తిడికి అది లొంగదు. సొంత బరువును పదే పదే ఎత్తించినప్పుడే మూడోసారికో నాలుగోసారికో మడమ లేవక తేడా బయటపడుతుంది. ఈ పరీక్ష తెర మీద చేసినా ఆసుపత్రిలో చేసినా ఒకటే.

కూర్చుని కాలి బొటనవేళ్లు రెండింటినీ పైకి లేపి, సాయంగా ఉన్నవారు ఒక్కో వేలితో వాటిని కిందికి నొక్కుతుంటే ఆపగలగాలి. రెండు పక్కలా ఒకే బలం ఉందా అన్నదే ప్రశ్న. దూదిని రెండు పాదాల మీదా ఒకే చోట ఏకకాలంలో తాకించి, కళ్లు మూసుకున్న మనిషిని తేడా ఉందా అని అడగాలి.

ఇక నరం లాగుడును చూసే రెండు పరీక్షలు. మొదటిదానికి వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా, సాయంగా ఉన్నవారు మడమ కింద చేయి వేసి కాలిని మెల్లగా పైకెత్తాలి. తొడ వెనుక కండరం బిగుసుకున్నట్టు ఉండటం ఎవరికైనా మామూలే, దాన్ని నరం నొప్పిగా లెక్కించరు. ముప్పై నుంచి డెబ్బై డిగ్రీల మధ్యలో, మోకాలి కిందికి మీకు బాగా పరిచయమైన ఆ నొప్పే జివ్వున దిగితే నరం మూలం దగ్గర ఒత్తిడి ఉండే అవకాశం ఎక్కువ. బాగున్న కాలిని ఎత్తినప్పుడు బాధ ఉన్న కాల్లో నొప్పి వస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. సాయానికి ఎవరూ లేకపోతే రెండోది చేయవచ్చు. కుర్చీ అంచున కూర్చుని వీపు జారేసి, గడ్డం ఛాతీకి ఆనించి, ఒక కాలు చాపి పాదాన్ని తనవైపు లాక్కోవాలి. కాల్లో నొప్పి వచ్చాక కాలు కదపకుండా తల ఒక్కటి పైకెత్తండి. తల ఎత్తగానే కాలి నొప్పి తగ్గిందంటే అది కండరం పని కాదు, మెడ కదిలితే తొడ కండరం సడలదు కదా.

దూరం నుంచి చేయలేనివి కూడా ఉన్నాయి. సుత్తితో తట్టి చూసే రిఫ్లెక్సులు (కాలు తనంతట తాను అదరడం), మలద్వారం చుట్టూ స్పర్శ, కాలిలో నాడి కొట్టుకునే తీరు, కడుపు లోపలి ఉబ్బు తెర మీద తెలియవు. సాయంగా ఉన్నవారు వెన్నుపూసల మీద బొటనవేలితో నెమ్మదిగా నొక్కుతూ వస్తే ఒకే ఎముక దగ్గర మీరు ఉలిక్కిపడటం ఒక సూచన అవుతుందే తప్ప తీర్పు కాదు. ఈ వెలితిలో దేనితోనైనా నిర్ణయం మారేటట్టయితే నేరుగా రమ్మంటారు, ఆ మాటను వీడియో కాల్ వైఫల్యంగా తీసుకోకూడదు.

వీడియో కుదరక ఫోనులో మాట మాత్రమే ఉంటే ప్రశ్నలు అన్నీ అడగవచ్చు, మడమల మీద నడక, మునివేళ్ల మీద నిలబడటం వంటివి చేసి ఫలితం చెప్పవచ్చు. కొత్తగా కాలు నొప్పి, తిమ్మిరి ఉన్నవారికి మాత్రం ఫోను ఒక్కటే చాలదు.

స్కాన్ గురించి

కాల్ మొదలవగానే ఎం.ఆర్.ఐ. ఫిల్మును కెమెరా ముందు పెట్టేవారు చాలామంది. పైన చెప్పిన ప్రమాద సూచనలు, పెరుగుతున్న బలహీనత లేనప్పుడు మొదటి ఆరు వారాల్లో స్కాన్ వల్ల వైద్యం మారదు. పైగా రిపోర్టులోని మాటలు కొత్త భయాన్ని తెచ్చిపెడతాయి. ఏ నొప్పీ లేనివారి స్కాన్లను పోగుచేసి 2015లో ప్రచురించిన ఒక సమీక్షలో డిస్క్ అరుగుదల 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 50 ఏళ్లవారిలో 80 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి కనిపించింది. అందుకని పాత రిపోర్టు ఉంటే ముందుగా పంపించి, కాల్‌లో మాత్రం "డిస్క్ జరిగింది" అని మొదలుపెట్టకుండా నొప్పి కథ చెప్పండి. ఆ కథకూ రిపోర్టుకూ పొంతన ఉందో లేదో చూడటం డాక్టరు పని.

కాల్ ముగిసే ముందు

నాలుగు విషయాలు తేలకుండా కాల్ పెట్టేయకండి. డాక్టరు దీన్ని దేనిగా అనుకుంటున్నారు, ఎన్నాళ్లలో ఎంత తగ్గాలి, ఏ గుర్తు కనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి, మళ్లీ ఎప్పుడు చూస్తారు. కొత్తగా వచ్చిన మామూలు నడుము నొప్పి చాలామందిలో ఆరు వారాల్లో బాగా తగ్గుతుంది, తర్వాత ఎప్పుడో మళ్లీ రావడం కూడా సాధారణమే. మంచం పట్టడం వల్ల కోలుకోవడం ఆలస్యమవుతుంది కాబట్టి వీలైనంతవరకు నడుస్తూ, రోజువారీ పనులు చేసుకుంటూ ఉండమంటారు. పారాసిటమాల్ ఒక్కటే వేసుకుంటే పెద్దగా గుణం ఉండదని 2014లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో తేలింది. వాపును తగ్గించే నొప్పి మాత్రలు కొంత మెరుగు, కానీ అవి మీకు సరిపడతాయో లేదో మీరు చెప్పిన మందుల పట్టిక మీదే ఆధారపడి ఉంటుంది. వ్యాయామాలు చెబితే అప్పటికప్పుడు కెమెరా ముందు ఒకసారి చేసి చూపించి, తప్పులు దిద్దించుకోండి.

మందుల చీటీతో పాటు ప్రమాద సూచనలను కూడా రాతపూర్వకంగా పంపమని అడిగి, ఇంట్లో మరొకరికి చూపించి ఉంచండి. కాలు నొప్పి ఉన్నవారికి ఒకటి రెండు వారాల్లోనే మరో కాల్ పెట్టుకోవాలి. ఆ రోజు మడమ నడక, ఒంటికాలి మీద మడమ ఎత్తడం, వేళ్లు ఎక్కడిదాకా అందాయన్న కొలత మళ్లీ చేసి మొదటి కాగితంతో పోల్చాలి. నొప్పి తగ్గినా బలం తగ్గిందని తేలితే మూడో కాల్ కోసం ఆగకుండా అదే వారంలో నేరుగా వెళ్లి చూపించుకోవాలి.